తోడల్లుడి బండి మీద నా కన్ను

మొన్న ఉదయం కూరల సంచితో కలకత్తా హాజ్రా కూడలి దగ్గర రోడ్డు దాటడానికి నిలబడ్డాను. ఎర్ర దీపం పడగానే ఓ స్కూటరు నా పక్కకే వచ్చి ఆగింది. ఆగబోతూ ముందు చక్రం దగ్గర సన్నగా గురగురలాడింది, నూకలు పోసిన డబ్బాని ఎవరో నెమ్మదిగా తిప్పుతున్నట్టు. బస్సుల హారన్లు, కండక్టర్ల కేకల మధ్య ఆ చప్పుడు నాకు తప్ప ఇంకెవరికీ వినిపించి ఉండదు. నడిపే కుర్రాడికి అసలే వినిపించలేదు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేను. "దాదా, సామ్‌నేర్ చాకార్ బేరింగ్‌టా దేఖియే నిన్" అన్నాను, ముందు చక్రం బేరింగు చూపించుకోమని. అతను నన్నూ నా సంచిలోని తోటకూరనీ ఎగాదిగా చూసి, నిన్ననే సర్వీసింగు చేయించానని బెంగాలీలో కసిరి వెళ్ళిపోయాడు. ఆ గురగుర మాత్రం ఇల్లు చేరేదాకా నా చెవిలోనే ఉండిపోయింది. నాకీ జబ్బు అంటించిన మనిషి ఒకడున్నాడు. మా తోడల్లుడు పైడిరాజు గారు.

అన్నదమ్ములు కుళ్ళుకోవాలంటే మధ్యలో ఆస్తో పాస్తో ఉండాలి. తోడల్లుళ్ళకి అది కూడా అక్కర్లేదు, ఒకే అత్తగారి చేతి వంట చాలు. మా మామగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, కలకత్తా రేవు ఆఫీసులో పనిచేసి రిటైరై, భవానీపూర్లో ఓ మేడ మీద వాటాలో స్థిరపడ్డారు. ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయి వరలక్ష్మిని పైడిరాజు గారికిచ్చారు. ఆయన బడ్జ్ బడ్జ్‌లో చమురు డిపోలో ఇంజనీరు. చిన్నమ్మాయి సరళని నాకిచ్చారు. నా పేరు సన్యాసి. గంగకి అవతల టికియాపారా రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవాణ్ణి, సర్కారు ఆడిట్ ఆఫీసులో ఉద్యోగం. అంటే ఇతరుల తప్పులు పట్టి జీతం తీసుకునేవాణ్ణి. పెళ్ళయిన కొత్తలోనే నాకో సంగతి బోధపడింది. ఆ ఇంట్లో ఆదివారం భోజనానికి నేను ఎంత ముందొచ్చినా ఆకులు వెయ్యరు. మామగారు బాల్కనీలో నిలబడి వీధి చివరకే చూస్తుంటారు. "పైడిరాజు బాబు రానీ. ఆకలేసీస్తే ఓ అరటిపండు తిను బాబూ" అనేవారు నాతో. నేను తిన్న ఆ అరటిపళ్ళ రుచి తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది.

ఆ పైడిరాజు గారు వచ్చేది మామూలు బండి మీద కాదు. ముందు రెండు చక్రాలు, వెనక ఒకే ఒక్క చక్రం ఉన్న పెద్ద మోటారు సైకిలు. దూర ప్రయాణాలకని చేసిన బండి. ముందు సామాను పెట్టె, వెనక కూర్చున్నవాళ్ళకి వీపు ఆనించుకునే దిండు. పూర్వం ఆయన రెండు చక్రాల బండి మీదే ఊళ్ళు తిరిగేవాడట. డిపోలో మెట్ల మీంచి పడి ఎడమ మోకాలు దెబ్బ తిన్నాక, బండి ఆపినప్పుడు కాలు మోపి నిలబెట్టడం చేతకాకపోయింది. తిరుగుడు మానమన్నారు డాక్టర్లు. ఆయన తిరుగుడు మానకుండా, దేశం వదిలి వెళ్ళిపోతున్న ఓ విదేశీ కంపెనీ ఆఫీసరు దగ్గర ఈ బండి కొనుక్కున్నాడు. దీనికి కాలు మోపక్కర్లేదు, క్లచ్చు లేదు, బొటనవేలితో గేర్లు మార్చుకోవచ్చు, కుడికాలి కింద ఒక్క బ్రేకు నొక్కితే మూడు చక్రాలూ పట్టుకుంటాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు కన్ను కుట్టింది. పైకి మాత్రం నవ్వుతూ, "ఏం అన్నయ్యా, షేరాటోని తిరగేసి బిగించేరా? రాష్‌బిహారీ నుంచి తారాతలా లైనా?" అన్నాను. ఆయన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, "సీటు ఖాళీ ఉన్నాది, ఎక్కు సన్యాసీ. చిల్లర తరవాత చూసుకుందాం" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను వేసిన జోకుకి కాదు, ఆయన వేసినదానికి.

పోటీగా నేనొక కారు కొన్నాను. కొన్న మరుసటి ఏడు మామగారిని ఎక్కించుకుని టికియాపారాలో మా నాన్నగారింట్లో పూజకి బయలుదేరాను. సరిగ్గా గంగ మీద పెద్ద వంతెన నడిమధ్యన కారు ఆగిపోయింది. తాళం తిప్పితే టకటకమంటుందే తప్ప కదలదు. వెనక లారీలవాళ్ళు నా వంశాన్ని తిడుతున్నారు. నేనింకా ఆలోచిస్తుండగానే మామగారు జేబులోంచి ఫోను తీసి పెద్దల్లుడికి కబురు చేసేశారు. ఆయన వచ్చాడు. ఒక్క మాట ఎత్తిపొడవలేదు, అదే నాకు ఎక్కువ మండింది. బానెట్ ఎత్తి, బేటరీ కొసల మీద ఉప్పులా పేరుకున్న తెల్లటి పొడిని చూపించాడు.

"ఇది ఎప్పుడు చూసేవు సన్యాసీ?"

"సర్వీసింగు వాళ్ళు చూస్తారు కదా అన్నయ్యా."

"వాళ్ళు చూస్తారు. నువ్వు చూసేవా?"

చేతిరుమాలుతో తుడిచి, నట్టు బిగించి, తాళం తిప్పమన్నాడు. కారు బతికింది. కానీ మామగారు నా కారెక్కలేదు. "నాను పెద్దబాబు బండి మీద వచ్చేస్తాన్లే" అని పంచె ఎగ్గట్టి, హెల్మెట్ పెట్టుకుని ఆయన వెనక దిండుకి చేరబడ్డారు. టికియాపారా దాకా ముందు వాళ్ళు, వెనక ఖాళీ కారులో నేను. మామగారు రాజా వారిలా అటూ ఇటూ చూస్తూ వెళ్తుంటే నేను స్టీరింగు పట్టుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఎప్పటికైనా, ఒక్కసారి, ఆ మూడు చక్రాల బండి నడిరోడ్డు మీద ఆగిపోవాలి. మామగారి కళ్ళెదుట ఆగిపోవాలి. ఆ దృశ్యం చూస్తే చాలు, ఇంకేమీ వద్దు.

ఆ ఏడే దసరాకి, ఊరంతా దుర్గ పందిళ్ళ సందడిలో ఉండగా, మామగారు మన పద్ధతిలో భవానీపూర్ వీధిలోనే రెండు బళ్ళకీ ఆయుధపూజ చేయించారు. అత్తగారు పసుపు, కుంకుమ, నిమ్మకాయలు తెచ్చారు. నా కారు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, అలవాటుగా ఆయన బండికీ నాలుగు పట్టుకెళ్ళారు. మూడు పెట్టాక నాలుగోది చేతిలో పట్టుకుని, బండి చుట్టూ తిరిగి, చక్రం కోసం వెదికారు. పైడిరాజు గారు ఆ కాయ అందుకుని, "ఇది సన్యాసికి. చెక్కర వేసి పిండియ్యండి అత్తయ్యా, పొద్దున్నుంచీ మొహం వాడిపోయున్నాది" అన్నాడు. ఆవిడ నవ్వుతూ, మిరపకాయలు గుచ్చిన దిష్టితాడు తీసి బండికి కట్టబోయారు. "ఎంతమంది కళ్ళు పడతన్నాయో దీని మీద. నరుడి కంటికి నల్లరాయి పగుల్తాదంటారు" అన్నారు, నా వైపు చూడకుండా చూస్తూ. ఆయన తాడు వెనక్కి ఇచ్చేశాడు. "ఒద్దత్తయ్యా. దిష్టి ఉండనీండి, దాని పని దానికుంటాది" అన్నాడు. ఇంజనీరు కదా, నమ్మకాల్లేవు కాబోలనుకున్నారు అందరూ. నేను నిమ్మరసం తాగాను.

దేవుడి మీద భారం వేసి కూర్చునే రకం కాదు నేను. ఆదివారాలు బడ్జ్ బడ్జ్ వెళ్ళడం మొదలుపెట్టాను. పైకి, వరలక్ష్మి వదిన చేతి పెసరట్లు తినడానికి. నిజానికి ఆ బండిలో లోపం కనిపెట్టడానికి. నది ఒడ్డున వాళ్ళ క్వార్టరు, వరండా పక్కన రేకుల కింద బండి. ఆయన స్నానానికి వెళ్ళగానే నేను దాని చుట్టూ తిరిగేవాణ్ణి. ఆఫీసులో కాగితాలు ఎలా చూస్తానో అలా చూసేవాణ్ణి. అద్దం మీద గీత ఉందా, నూనె చుక్క కారిందా, రబ్బరు గొట్టం చిట్లిందా. కొన్ని వారాలు ఏమీ దొరక్క ఉసూరుమంటూ ఇంటికొచ్చాను. తర్వాత ఒకనాడు దొరికింది. ముందు రెండు టైర్లూ పైకి కొత్తగానే ఉన్నాయి గాని, వేళ్ళు పెట్టి తడిమితే లోపలి అంచులు నున్నగా అరిగి ఉన్నాయి. పరీక్ష ప్యాసయిన పిల్లాడిలా వరండాలోకి పరిగెత్తి, "అన్నయ్యా, టైర్లు లోపలి పక్క పోయాయి. మీరు చూసినట్టు లేదు" అన్నాను. ఆయన తల తుడుచుకుంటూ వచ్చి, నేల మీద కూర్చుని, అరచేత్తో టైరు నిమిరి, "అవును సుమీ" అన్నాడు. చిన్నబుచ్చుకోలేదు. ఇంట్లోంచి పురికొస తెప్పించి, వెనక టైరుకి రెండు పక్కలా కట్టి ముందుకి లాగి, ముందు చక్రాలు బయటికి ఎంత విచ్చుకున్నాయో నాకే చూపించాడు. రెండు చక్రాలూ ఒకదాన్నుంచి ఒకటి మొహం తిప్పుకోకూడదట, రోడ్డునే చూడాలట. సాయంత్రం దాకా అవి సరిచేస్తూ కూర్చున్నాడు. ఆయన ఓడిపోయాడని నేను సంతోషంగా ఇంటికొచ్చాను.

అప్పట్నుంచి నాకు వేట రుచి తెలిసింది. ఆయన దగ్గర ఒక వింత పద్ధతి ఉండేది. ఏదో చప్పుడొస్తోందని చెబితే బండి దగ్గరికి వెళ్ళేవాడు కాదు. "ఎలగ మోగింది? నోటితో అను" అనేవాడు. నేను అనాలి. మెల్లగా వెళ్తే ఎలా, వేగంగా వెళ్తే ఎలా, బ్రేకు నొక్కితే ఎలా, ఎండలో ఎలా, వానలో ఎలా. ఓ వర్షాకాలం బెహాలాలో మోకాలి లోతు నీళ్ళలోంచి వచ్చాక ముందు కుడి చక్రం కీచుమనడం మొదలెట్టింది. నేను వాళ్ళ వీధిలో నిలబడి "కీచ్... కీచ్... కిచ్‌కిచ్‌కిచ్" అని అరుస్తుంటే ఎదురింటి బెంగాలీ పెద్దాయన కిటికీలోంచి తొంగి చూసి, "కీ హోలో దాదా, శొరీర్ ఖారాప్?" అని నా ఒంట్లో బాగులేదేమోనని కంగారుపడ్డాడు. వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. పైడిరాజు గారు నవ్వలేదు. కళ్ళు మూసుకుని విని, "చివరికి వొచ్చీసరికి చప్పుడు సన్నగిల్లుతున్నాదా, ఒక్కలాగే ఉన్నాదా?" అని అడిగాడు. నిజానికి అది నేను గమనించలేదు. మళ్ళీ ఆ బండి వెనక కూర్చుని, విని వచ్చి చెప్పాల్సి వచ్చింది. అలా అలా నాకు తెలియకుండానే, వెనక చక్రాన్ని తిప్పే బెల్టు వదులైతే ఎలా కొట్టుకుంటుందో, ఫ్యాను ఆలస్యంగా తిరిగితే ఇంజను ఎలా నిట్టూరుస్తుందో, బ్రేకు బిళ్ళలు అయిపోవచ్చినప్పుడు ఏ గొంతుతో చెబుతాయో అన్నీ నా చెవికెక్కాయి. ఇన్ని లోపాలు చెప్పినా ఆ బండి మాత్రం ఒక్కనాడూ ఆగలేదు. డీఘా వెళ్ళొచ్చింది, పూరీ వెళ్ళొచ్చింది, కొండలెక్కి డార్జిలింగు కూడా వెళ్ళొచ్చింది. వెళ్ళొచ్చిన ప్రతిసారీ మామగారు వీధిలో కనబడ్డ తెలుగువాడినల్లా ఆపి చెప్పేవారు.

ఓ వేసవిలో శ్రీకాకుళం దగ్గర మామగారి తమ్ముడి మనవరాలి పెళ్ళి. ఆడవాళ్ళూ మామగారూ రైల్లో ముందే వెళ్ళిపోయారు. పైడిరాజు గారు బండి మీద బయలుదేరుతూ, "వస్తావేటి సన్యాసీ, వెనక సీటు ఖాళీ" అన్నాడు. అంత దూరం, అంత ఎండలో. ఇది ఆగిపోతుందంటే ఈ ప్రయాణంలోనే ఆగాలి. ఎగిరి గంతేసి ఎక్కాను.

ఆ బండి నడపడం ఎంత కష్టమో వెనక కూర్చున్నప్పుడే తెలిసింది. రెండు చక్రాల బండివాడు గొయ్యి కనిపిస్తే పక్కకి తప్పుకుంటాడు. కారువాడు గోతిని నాలుగు చక్రాల మధ్యకి తీసుకుని దాటేస్తాడు. దీనికి ఆ రెండు దారులూ లేవు. ముందు చక్రాల మధ్యనుంచి పోయిన గోతిలోనే వెనక చక్రం పడుతుంది. ప్రతి గొయ్యినీ చాలా ముందే చూసి, ఏ చక్రం దేన్ని తాకాలో తేల్చుకోవాలి. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పేవాడు కాదు, హుషారుగా కూనిరాగం తీస్తూ పోతున్నాడు. బాలాసోర్ దాటాక నాకు వినిపించింది. వెనక చక్రంలోంచి, నా నడుము కిందనుంచి, తుమ్మెద రొదలాంటి చప్పుడు. వేగం పెరిగితే పెరుగుతోంది, తగ్గితే తగ్గుతోంది. బేరింగు. దొరికావురా అనుకున్నాను.

ఆ తర్వాత చాలాసేపు నేను పడ్డ అవస్థ చెప్పలేను. చెప్పకపోతే ఇంకొన్ని గంటల్లో చక్రం పట్టేస్తుంది. బహుశా ఊరి పొలిమేరల్లోనే పట్టేస్తుంది. పెళ్ళివారంతా వచ్చి చూస్తారు, మామగారు వచ్చి చూస్తారు. ఎన్నాళ్ళుగా కోరుకుంటున్న దృశ్యం కళ్ళ ముందు కదిలింది. నోరు మూసుకుని కూర్చోవడమే నా పని. కానీ నోరు మూసుకుంటే, ఆయనకి తెలియని లోపం నాకు తెలుసన్న సంగతి ఆయనకి తెలియకుండా పోతుంది. అది నేనెలా భరించను? మంచితనమేమీ కాదు, గొప్ప చెప్పుకోవాలన్న దురద. ఆయన భుజం మీద తట్టి, చెవి దగ్గర వంగి, "ఊఁ... ఊఁఊఁ... ఊఁఊఁఊఁ" అన్నాను. ఆయన కూనిరాగం ఆపేశాడు. బండి పక్కకి తీశాడు.

కొంచెం ముందుకి మెల్లగా నడిపించుకుపోతే లారీలు బాగుచేసే షెడ్డు కనిపించింది. ఆయన ముందు పెట్టెలో గుడ్డలో చుట్టిన కొత్త బేరింగు ఉంది. షెడ్డువాళ్ళ జాకీ తీసుకుని, చక్రం ఊడదీసి, పాతది బయటికి కొట్టి, ఇద్దరం చెమటలు కక్కుతూ కొత్తది కూర్చోబెట్టాం. పాత బేరింగుని ఆయన నా చెవి దగ్గర పెట్టి వేలితో తిప్పాడు. "ఇంత మోగుతున్నాది కదా, నాకు వినపడలేదు చూడు" అన్నాడు. ఆ మాట ఆయన ఎందుకో చాలాసేపు తనలో తనే అనుకున్నాడు. పెళ్ళింటికి చేరేసరికి భోజనాల పంక్తి నడుస్తోంది. మామగారు సంగతంతా విని, చేయి కడుక్కోకుండానే లేచి నిలబడి బంధువులందరికీ చాటారు.

"దారిలో చక్రం ఊడదీసి, బాగుచేసుకుని వొచ్చీసేడు మా పెద్దల్లుడు. మరొకడైతే లారీకెక్కించుకుని వొచ్చును."

"నాకు వినపడలేదు మావయ్యా, సన్యాసి చెప్పేడు" అన్నాడు పైడిరాజు గారు.

"నువ్వు అలగే అంటావు బాబూ. అది నీ పెద్దరికం" అన్నారు మామగారు.

నాకు లడ్డూ వడ్డించారు. దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఆ మనిషి ఆగినా గెలుస్తాడు, ఆగకపోయినా గెలుస్తాడు, నన్ను పొగిడినా తనే గెలుస్తాడు. అంత అసూయ నేను జన్మలో ఎరగను.

కాలం ఆయన్ని మాత్రం ఆపింది. రిటైరయ్యాక బడ్జ్ బడ్జ్‌లోనే చిన్న ఇల్లు కట్టుకున్నారు. మోకాలితో పాటు ఊపిరితిత్తులు కూడా మొండికేశాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. బండి ఎక్కడం మానేశాడు. అయినా దాన్ని పాడుపెట్టలేదు. కదలని బండి బేటరీ దిగిపోతుందని కరెంటు తీగ తగిలించి ఉంచేవాడు, టైర్లు ఒకేచోట నొక్కుకుపోకుండా వదినచేత అటూ ఇటూ తోయించేవాడు. నేను వెళ్తూనే ఉన్నాను. ఇప్పుడు నా మనసులో ఇంకో ఆశ. ఆయనకి పిల్లల్లేరు. బండి నాకు తప్ప ఎవరికిస్తాడు? దాని గురించి నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? మామగారు ముసలితనంతో బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ వీధిలోకి నేను ఆ బండి మీద మలుపు తిరుగుతుంటే ఆయన మొహం ఎలా ఉంటుందో ఎన్నిసార్లు ఊహించుకున్నానో నాకే తెలియదు.

ఓ మధ్యాహ్నం సరళనీ నన్నూ రమ్మన్నాడు. మంచం మీద దిళ్ళకి ఆనుకుని కూర్చున్నాడు. తాళం దిండు కింద నుంచి తీశాడు. నేను చెయ్యి చాపబోయాను. ఆయన దాన్ని సరళ చేతిలో పెట్టాడు.

"క్వార్టర్సు మైదానంలో నేర్పేను కదమ్మా, నీకు చెయ్యి కుదిరింది. లైసెన్సు తీసుకో" అన్నాడు.

ఆదివారాల్లో నేను పెసరట్లు తింటూ ఉంటే సరళ సరదాగా రెండు చక్కర్లు కొట్టేది, నిజమే. నేనది లెక్కలోకే తీసుకోలేదు. నా మొహం చూసి ఆయన మంచం మీద తట్టాడు, కూర్చోమని.

"నీకు కోపమొచ్చింది. రానీ. నానొక మాట చెప్తాను, విను. బండి మీద ముచ్చట ఉన్నవోడికి దాని లోపం వినపడదు సన్యాసీ. నాకు ఒక్కనాడూ వినపడలేదు. బాలాసోర్ దగ్గర చూసేవు కదా, నాను పాటలు పాడుకుంటూ పోతన్నాను. ఇన్నాళ్ళూ ఈ బండి ఆగలేదంటే నా గొప్పేటి? నీ కన్ను దీని మీద పడింది కాబట్టి ఆగలేదు."

ఆయన మళ్ళీ మంచం మీద తట్టాడు.

"అత్తయ్య దిష్టితాడు కడతానంటే ఒద్దన్నాను, గుర్తున్నాదా? ఆ దిష్టి పోతే నాకు బండి లేదు. నీకే ఇచ్చీసేననుకో, వారం తిరిగేసరికి నువ్వూ పాటలు పాడతావు. సరళ నడిపితే నువ్వు వెనక కూర్చుని కుళ్ళుకుంటావు. అది చాలు."

ఆయన నవ్వాడు, నవ్వు దగ్గులోకి దిగింది. వదిన నీళ్ళు తెచ్చింది. అప్పుడు కూడా నాకు కన్నీళ్ళు రాలేదు, ఒళ్ళు మండింది. ఎంత కాలంగా నా లోపల ఏముందో చూసి, దాన్ని చక్రాలకి గ్రీజులా వాడుకున్నాడు. నేను ఆయన బండిని కనిపెట్టాననుకున్నాను, ఆయన నన్ను కనిపెట్టాడు. ఈ విషయంలో కూడా ఆయనే ముందు.

ఆ చలికాలం దాటకుండానే పోయాడు. పదకొండో రోజున ఇంటికి వచ్చిన తెలుగువాళ్ళు ఒక్కొక్కరూ లేచి ఆయన మంచితనం గురించి చెప్పారు. నన్నూ చెప్పమన్నారు. లేచాను. మంచిమాట ఒక్కటీ నోటికి రాలేదు. ఆయన చారు జుర్రుకుని తాగేవాడని, చెప్పుల్లో ఎడమది ముందు అరిగేదని, పాట ఎత్తుకుంటే రెండో చరణంలో శ్రుతి తప్పేవాడని, తనకి నొప్పి ఎక్కువైన రోజున అందరికంటే ముందు తనే జోకు వేసేవాడని, నిజం చెప్పడానికి ముందు మంచం మీదో బల్ల మీదో రెండుసార్లు తట్టేవాడని చెప్పాను. చెప్పుకుంటూ పోతుంటే ఆగలేదు. కూర్చున్నాక సరళ నన్ను మోచేత్తో పొడిచింది, ఇవా చెప్పేది అని. వదిన మాత్రం కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఆయన్ని ఇంత దగ్గర్నుంచి నేను కూడా చూడలేదు బాబూ" అంది.

ఇప్పుడు బండి మా దగ్గరుంది. సరళ నడుపుతుంది, నేను వెనక దిండుకి చేరబడతాను. మామగారు బాల్కనీలోంచి చెయ్యి ఊపుతూ, కిందున్న పాన్ దుకాణం వాడికి, "హమారీ బేటీ" అని చూపిస్తారు. నేనెవరో ఇప్పటికీ చెప్పరు. ఆయన అన్నట్టే కుళ్ళుకుంటున్నాను, దాపరికమేముంది. మలుపుల్లో ఆమె ఎంత సులువుగా వంగుతుందో చూసి కుళ్ళుకుంటాను, పోలీసు సార్జెంటు ఆమెకి సలాం కొడితే కుళ్ళుకుంటాను. ప్రతి నెలా బెల్టు వేలితో నొక్కి చూస్తాను, వాన వెలిశాక బ్రేకులు విప్పి తుడుస్తాను, టైర్ల లోపలి అంచులు తడుముతాను. చక్రాలన్నీ రోడ్డునే చూస్తున్నాయి.

పోయిన ఆదివారం వదినని చూడటానికి బడ్జ్ బడ్జ్ వెళ్తున్నాం. వెనక కూర్చుని, అలవాటు కొద్దీ తప్పు కోసం చూస్తున్నాను. బండిలో ఏమీ దొరకలేదు. తారాతలా దగ్గర సిగ్నల్ పడింది. సరళ కుడి చెయ్యి హేండిల్ మీంచి తీసి, ఒళ్ళో పెట్టుకుని, నాకు కనబడకూడదన్నట్టు ఎడమ చేత్తో మణికట్టు పట్టుకుంది. వెనకటి సిగ్నల్ దగ్గర కూడా అలాగే చేసింది. అంతకుముందు వారం ఊరగాయ జాడీ మూత నన్ను తియ్యమంది. ఆ నెలంతా బట్టలు ఎడమ చేత్తో పిండుతోంది. ఇవన్నీ నేను చూశాను, చూసినట్టు అప్పుడే తెలిసింది. ఇంతకాలం కాపురంలో ఆమె ఒంట్లో ఏ కీలు నొప్పెడుతోందని నేనెప్పుడూ అడిగినవాణ్ణి కాను.

భుజం మీద తట్టి, "సరళా, కుడి మణికట్టు నొప్పా?" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగింది. హెల్మెట్ అద్దం పైకెత్తి నన్ను కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది.

"మీకెలగ తెలిసింది?"

"ఎన్నాళ్ళనించి?"

"బావ ఉన్నప్పటి దసరా నుంచీ" అంది, మెల్లగా. పచ్చ దీపం పడింది. వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నారు. ఆమె వెంటనే కదల్లేదు. "బావ కూడా ఎప్పుడూ ఈ మాట అడగలేదండీ" అంది.

ఆయన కంటే నేను ముందు కనిపెట్టిన సంగతి అదొక్కటే. బండి పక్కకి తియ్యమన్నాను. ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టి, ఆ చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని, ఎటు తిప్పితే నొప్పో, ఎంత తిప్పితే నొప్పో, పొద్దున ఎలా ఉంటుందో, సాయంత్రం ఎలా ఉంటుందో అడుగుతూ చాలాసేపు కూర్చున్నాను.